ఎటు పోయిండని అడగలేదు

నేను మూడు సినిమాలు తీశాను. రెండు డాక్యుమెంటరీలు, ఒకటి కథ. మొదటిది ఎనభైల మొదట్లో తీసింది, పద్దెనిమిది నిమిషాలు. చివరిది తొంభైల్లో, పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా అద్దెకు తెచ్చి తీసింది. మూడూ కలిపి చూసినవాళ్ళు మంచిర్యాలలో ఒక టాకీసుకు ఒక వారం ఆటలు కూడా నింపలేరు. ఇక్కడ రాస్తున్నది మొదటి సినిమా సంగతి. అందులోనూ ఒక్క షాటు సంగతి.

సినిమా తీయడం నాకు మనుషులెవరూ నేర్పలేదు. కరీంనగర్ లైబ్రరీ నేర్పింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మూలంగా కాలేజీలు మూతబడ్డప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. నా తోటివాళ్ళు కొందరు ఊరేగింపుల్లో తిరిగారు, కొందరు ఊళ్ళకు పోయి వ్యవసాయం చూసుకున్నారు. నేను లైబ్రరీలో కూర్చున్నాను. మూడు తెలుగు బీరువాలు ఒక్క ఏడాదిలో పూర్తి చేశాను. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదని అందామనుకున్నాను గానీ, గొప్ప కోసమే చెబుతున్నాను. కాలేజీలు మళ్ళీ తెరిచాక నేను వెనక్కి పోలేదు.

ఇంగ్లిష్ బీరువా అడుగు అరలో విదేశీ సినిమాల పత్రికలు ఒక కట్ట ఉండేవి. ఎవరో రిటైరైన అధికారి ఇచ్చిపోయాడట. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ ఒక్కో పొద్దంతా చదివేవాడిని. అక్కడే ఒక మెక్సికో ఆయన తగిలాడు. ఏ కంపెనీలోనూ చేరకుండా, కెమెరా భుజాన వేసుకుని బస్సుల్లో తిరుగుతూ సొంతంగా సినిమాలు తీసే మనిషి. మక్కజొన్న చేలల్లో కూలి చేసేవాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ తీసి, రెండేళ్ళ తర్వాత అదే ఊరికి పోయి అదే మనుషులతో కథ తీశాడు. తీసిన సినిమాను మొదట అందులో ఉన్నవాళ్ళకే చూపిస్తాడనీ, వాళ్ళు తీసేయమన్నది తీసేస్తాడనీ రాసి ఉంది. దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. అట్లాసు తెరిచి మెక్సికో ఎక్కడుందో చూశాను. సరిగ్గా మన కాళ్ళ కిందికి వస్తుందేమో అనుకున్నాను గానీ, కొంచెం పక్కకుంది.

తర్వాతి నాలుగైదేళ్ళలో ఆయన గురించి మరో మూడు చోట్ల దొరికింది. ఒక సినిమా అక్కడి ప్రభుత్వానికి నచ్చక డబ్బాల్లోనే ఉండిపోయింది. ఒకదాన్ని వేరే దేశాల్లో చూపించారు. మధ్యలో చాలా కాలం బడిలో పాఠాలు చెప్పుకుని బతికాడు. ఆ తర్వాత పత్రికలు అయిపోయాయి, కొత్తవి ఎవరూ ఇవ్వలేదు. ఆయన మళ్ళీ సినిమా తీశాడో లేదో నాకు తెలియదు. పత్రిక అడ్రసుకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఈ పని చేసేవాళ్ళలో నాకు తెలిసిన మనిషి ఆయనొక్కడే, ఆయనకేమో నేనున్నట్టే తెలియదు.

నాకు ప్రభుత్వ ప్రచార బండి మీద ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. మలేరియా, కుటుంబ నియంత్రణ, వరి తెగుళ్ళు, వీటి మీద సర్కారు తీసిన సినిమాలను ఊరూరా చూపించడం పని. ఆదిలాబాద్ జిల్లాలో ఇచ్చోడ మొదలుకుని గోదావరి దాకా తిరిగాను. గది మంచిర్యాలలో. డ్రైవరు ఇంటికి పోతే బండీ ప్రొజెక్టరూ నేనూ మిగిలేవాళ్ళం. ఒకే మలేరియా సినిమా వందసార్లు చూస్తే, చూసే పని అయిపోయి, ఎట్లా తీశారన్నదే కనిపిస్తుంది. అక్కడ కెమెరా ఎందుకు పెట్టాడు, ఈ ముక్క ఎందుకు కోశాడు అని లెక్క తెలుస్తుంది. లైబ్రరీలో సగం నేర్చుకుంటే, మిగతా సగం ఆ దోమల దగ్గర నేర్చుకున్నాను.

మంచిర్యాలలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ భాయ్ అనే పిలిచేవాడిని. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన దగ్గర తాళం తిప్పితే నడిచే పదహారు ఎం.ఎం. కెమెరా ఒకటి ఉండేది. ఒకసారి తాళం తిప్పితే అర నిమిషం లోపు నడిచి ఆగుతుంది. ఫిల్మ్ దొరకక ఆయన దాన్ని అల్మారాలో పెట్టేశాడు. నేను అడిగితే నవ్వాడు.

"ఏం తీస్తవ్ భాయ్? హీరో ఎవరు, నువ్వేనా?"

"బీడీలు చేసే ఆడోళ్ళను తీస్త."

"తియ్. ఈడ ఆడోళ్ళు బీడీలు చేస్తరు, మొగోళ్ళు తాగుతరు. సగం సినిమా నా ఇంట్లనే తీయొచ్చు."

కెమెరా మాత్రం ఇచ్చాడు. గడువు దాటిన న్యూస్ ఫిల్మ్ ముక్కలు ఎవరి దగ్గరో అడిగి తెప్పించాడు కూడా. ఆ ఫిల్మ్‌కు నెగెటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిందే కడిగాక తెర మీద పడుతుంది. అంటే సినిమాకు ఒకే ఒక్క కాపీ. కోసిన ముక్క మళ్ళీ పుట్టదు. శబ్దం కూడా దాని మీద రాదు. మాటలు విడిగా క్యాసెట్‌లో చెప్పి, బొమ్మతో పాటు టేపు రికార్డరు నడిపించాలి.

సెలవు రోజుల్లో జగిత్యాల వైపు పల్లెల్లో తిరిగి తీశాను. అక్కడ ఇంటింటికీ ఒక చాట, ఒక కత్తెర, తడిగుడ్డలో చుట్టిన తునికాకు. మగవాళ్ళలో చాలామంది మగ్గాల పనికి బొంబాయి పక్కన బీవండి పోయి ఉండేవాళ్ళు. ఒక ఊళ్ళో ఒక ఇంటి ముందు ఆగాను. ముప్ఫై దాటిన ఆవిడ, పొద్దుటి ఎండలో గోడకు ఆనుకుని కూర్చుని బీడీలు చుడుతోంది. ఆకును చూడకుండానే చుడుతోంది. అట్లాంటి చేతులు నేను అంతకు ముందు చూడలేదు. తాళం తిప్పి కెమెరా పెట్టాను. అరనిమిషం తీరబోతుండగా ఆమె ఒక్కసారి తలెత్తి పక్కకు చూసింది. కళ్ళలో ఏదో మెదిలి, మళ్ళీ తల దించుకుంది. కెమెరా ఆగింది.

"మీ ఆయన ఏడి అక్కా?" అని అడిగాను.

"పోయిండు" అన్నది. చేతులు ఆగలేదు.

నేను తల దించుకున్నాను. నోటుబుక్కులో రాసుకుని, దండం పెట్టి వచ్చేశాను. నేను చదివిన పుస్తకాల్లో మర్యాద తెలిసినవాళ్ళు అట్లాగే చేస్తారు.

మా దగ్గర మనిషి ఊరికి పోయినా పోయిండే, కాలం చేసినా పోయిండే. అందుకే ఎవరైనా ఆ మాట అనగానే ఎదుటివాళ్ళ నోట్లోంచి "ఎటు?" అని వచ్చేస్తుంది. చాయ్ తాగడానికి లేచి పోయినవాడి గురించి కూడా అడుగుతాం. మూడేళ్ళ పిల్లకు తెలిసిన ప్రశ్న అది. నేను అడగలేదు. అడగకపోవడానికి అసలు కారణం మర్యాద కాదు. ఆ జవాబు నాకు సరిపోయింది. ఆ తలెత్తి చూసిన చూపుకు అదే కావాలి. నుదుట బొట్టు ఉంది, చెమటకు చెదిరింది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో అది నీడలాగా పడింది. చూడదలుచుకోనివాడికి కనిపించదు.

క్యాసెట్‌లో నా గొంతుతోనే చెప్పాను. ఆమె షాటు వచ్చేసరికి, "విధి ఈమె భర్తను తీసుకుపోయింది. ఈ చేతులు మాత్రం ఆగలేదు" అని. పదిసార్లు చదివి, పదకొండోసారి రికార్డు చేశాను.

మొదటి ఆట గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో వేశాను. బడి గోడ మీద, సర్కారు సినిమా అయిపోయాక. ఆమె షాటు దగ్గర ఆడవాళ్ళు "అయ్యో" అన్నారు. ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ ఏడుపు ఎంత సంతోషమిచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

నెల తిరక్కుండా ఆమె ఊరికి పోయాను, సినిమా చూపించడానికి. మెక్సికో ఆయన చేసినట్టు, ఉన్నవాళ్ళకు చూపించాలని. బండి దిగేసరికి ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. ఒకామె మాత్రం అన్నది:

"వచ్చిండమ్మా. గియ్యాల ఎవల్ని సంపుతడో."

ఎవరూ నవ్వలేదు. నేను బొమ్మ తీసిన ఆవిడ ముందుకు వచ్చింది. నిండుగా బొట్టు పెట్టుకుంది, పొద్దున్నే పెట్టుకున్నట్టు తాజాగా ఉంది.

"మా ఆయన సచ్చిపోయిండని నీకెవలు చెప్పిండ్రు సారు?"

"నువ్వే అక్కా. పోయిండని..."

"బీవండి పోయిండు. ఎటు పోయిండని అడిగినవా నువ్వు?"

జరిగిందేమిటో అప్పుడు తెలిసింది. గోదావరి ఒడ్డున నేను ఆట వేసిన ఊరు ఆమె తల్లిగారి ఊరికి కోసు దూరం, రెండు మైళ్ళు. చూసినవాళ్ళు ఆమెను గుర్తుపట్టి పోయి తల్లికి చెప్పారు. తల్లి బస్సులో ఏడ్చుకుంటూ వచ్చింది. బస్సు దిగి వాకిలి దాకా ఏడ్చుకుంటూనే వచ్చింది. బీవండికి తంతి కొట్టారు. జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది.

"మా అవ్వ ఏడ్సిందని గాదు" అన్నది ఆమె. "ఊకుండవే, సినిమావోడు పిచ్చోడు అని నేను ముందుగాల అన్న. ఇగ రాత్రికి నాకే అనిపిచ్చింది. సదువుకున్నోడు, సర్కారు బండి మీద తిరుగుతడు, నాకు తెల్వంది ఆయనకు తెలిసిందేమో అని. రెండు దినాలు నేను ముండమోసిన్నో లేదో నాకే ఎరుక లేదు. బొట్టు వెట్టుకోవాల్నా వద్దా అని అద్దం ముంగట నిలవడ్డ."

నేను తప్పయిందన్నాను. క్యాసెట్‌లో మాట మారుస్తానన్నాను.

"మాట మారిస్తె మొకం మారుతదా? గా మొకం జూసి ఊరోళ్ళంత ముండనే అన్నరు. నా బొమ్మ తీసెయ్యి."

"ఒక్కటే ఉంటది అక్కా రీలు. కోస్తే మళ్ళ రాదు."

"నాక్కూడ మొగడు ఒక్కడే ఉన్నడు" అన్నది.

ఈసారి అందరూ నవ్వారు. నేను తీసేస్తానని మాటిచ్చాను. ఆ సాయంత్రం ఆట వేయకుండానే తిరిగి వచ్చాను.

గదికి వచ్చేసరికి తలుపు కింద ఉత్తరం ఉంది. హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ సొసైటీకి అంతకు ముందు రాసుకున్నాను. వాళ్ళు సినిమా చూస్తామని, పై వారం రమ్మని రాశారు. ఉత్తరం మీద నా పేరు కింద 'దర్శకుడు' అని ఉంది. ఆ మాట నాకు ఎవరైనా రాయడం అదే మొదటిసారి. పన్నెండేళ్ళు చదివిందంతా ఆ ఒక్క మాట కోసమేనేమో అనిపించింది.

భాయ్‌కి రెండు సంగతులూ చెప్పాను.

"ఫికర్ చెయ్యకు. పట్నంల ఆమెను ఎవరు గుర్తువడ్తరు?" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు: "గానీ క్యాసెట్ మాత్రం కొత్తగ చెయ్ భాయ్. బతికున్నోణ్ణి బతికున్నడని చెప్పు. గదానికి రీలు కొయ్య పనిలేదు గదా."

మర్నాడు కొత్తగా రికార్డు చేశాను. "ఈమె భర్త బీవండిలో మగ్గం పని చేస్తున్నాడు" అని. బొమ్మ వేసి, వినిపించి చూశాను. ఆమె తలెత్తి చూస్తుంది. ఏం లేదు. ఒక ఆడమనిషి పక్కకు చూసింది, అంతే. పాత క్యాసెట్ పెట్టి చూశాను. గుండె పట్టుకున్నట్టయింది. మెక్సికో ఆయన గుర్తొచ్చాడు. ఆయనకు నెగెటివ్ ఉండి ఉంటుంది, కోసినా పోయేదేముంది అనుకున్నాను. పాత క్యాసెట్ సంచీలో పెట్టుకున్నాను. తెలియక చేసింది మొదటిసారి. ఇది తెలిసి చేసింది.

హైదరాబాద్‌లో నలభై మంది దాకా వచ్చారు. సినిమా అయిపోయాక కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన నా చేయి పట్టుకుని, ఆ వితంతువు చూపు మరిచిపోలేనన్నాడు. ఇంకొకరు, ఆ ఒక్క షాటు చాలు అన్నారు. తర్వాత అందరూ ఇంగ్లిష్‌లో మాట్లాడుకున్నారు. నాకు చదవడమే గానీ మాట్లాడటం రాదు. చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కళ్ళద్దాల ఆయన మళ్ళీ వచ్చి, "ఆమె సినిమా చూసి ఏమన్నది?" అని అడిగాడు.

"ఇంకా చూడలేదండి" అన్నాను. అది నిజమే. ఆ రోజు ఆ హాల్లో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం.

రైల్లో వస్తూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది, జరిగిన మంచి గానీ చేసిన చెడు గానీ. ఎదుటి సీటాయన కాజీపేటలోనే దిగిపోయాడు. చెప్పుకోవడానికి ఎవరూ లేనప్పుడు మనిషి తనకు తానే సాకులు చెప్పుకుంటాడు. మంచిర్యాల వచ్చేదాకా చెప్పుకున్నాను. తర్వాత పది రోజులు కూడా చెప్పుకున్నాను.

పదకొండో రోజు ప్రొజెక్టరు తీసుకుని ఆమె ఊరికి పోయాను. వాకిట్లో బనీను మీద ఒకాయన గొడ్డలికి కర్ర దూరుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"సినిమా సారువేనా? నన్ను సంపింది నువ్వేనా?"

నేను చేతులు జోడించాను.

"కూసో. సచ్చినోని చేతి చాయ్ తాగుతవా? బీవండిల మాకు తార్ వచ్చింది సారు. శవం ఎప్పుడొస్తదని. మా సేటు సదివి నా మొకం జూసుడు, తార్ జూసుడు. నా పీనుగ ఎప్పుడొస్తదని నన్నే అడిగిండ్రు. నేనే వస్తున్న, నడుసుకుంట వస్తున్న అని కొట్టిన."

ఆమె ఇంట్లోంచి వచ్చింది. నవ్వలేదు.

"తీసేసినవా?"

లేదని చెప్పాను. హైదరాబాద్‌లో చూపించానని చెప్పాను. పాత మాటతోనే చూపించానని కూడా చెప్పాను. భర్త చేతిలో పని ఆగింది.

"పట్నంల గూడ సంపినవా?" అన్నాడు. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

ఆమె "ఎందుకు?" అన్నది.

"గట్ల చెప్తేనే బొమ్మ మంచిగున్నది" అన్నాను.

"కత జెయ్యాలనుంటే కతనే జేసుకో. నన్నెందుకు వెట్టుకున్నవ్ అండ్ల? ఏదీ, నేను సూడనే లే. సూపియ్యి."

కిటికీకి గొంగడి కట్టాం. తలుపు మూసి, బల్బు హోల్డరు నుంచి తీగ లాగి, సున్నం గోడ మీద బొమ్మ వేశాను. క్యాసెట్ పెట్టలేదు. ప్రొజెక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆకు కోసే ముసలామె వచ్చి పోయింది. తర్వాత ఆమె. చేతులు, చాట, తిరిగే దారం. తలెత్తి చూసింది.

"ఓ" అన్నది ఆమె. "కోడి. మక్కలు ఎండవోసిన, కోడి తింటున్నదని జూసిన."

భర్త పకపకా నవ్వాడు. నేను గోడ వైపే చూస్తున్నాను.

"మళ్ళొక్కసారి ఎయ్యి" అన్నది.

వెనక్కి తిప్పి వేశాను. ఈసారి దగ్గరికి పోయి నిలబడింది. వెలుతురు ఆమె భుజం మీద పడి, గోడ మీది చేతులు సగం ఆమె వీపు మీద కదిలాయి. మూడోసారి కూడా వేయమన్నది. మూడోసారి అయ్యాక, "గంత జల్ది చుడుతనా నేను?" అని భర్తను అడిగింది. ఆయన, "నీ చేతులు నువ్వెప్పుడు సూసినవే?" అన్నాడు.

కోయొద్దంటుందేమో, ఉండనియ్యమంటుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది.

"మంచిగనే తీసినవ్ సారు" అన్నది. "ఇగ కొయ్యి."

తలుపు తీసి, వెలుతురులో కూర్చుని కోశాను. ముందొకటి, వెనకొకటి. రెండు కొసలూ కలిపి టేపు అంటించాను. కోసిన ముక్క పిడికెడు చుట్ట అయింది. ఆమె చేయి చాపితే ఇచ్చేశాను. ఆమె దాన్ని విప్పి చూడలేదు, చాటలోని దారపుండ పక్కన పెట్టింది.

అతుకు సరిగ్గా నడుస్తుందో లేదో చూడాలి కాబట్టి మళ్ళీ తలుపు మూసి ఒకసారి వేశాను. ముసలామె ఆకు కోస్తుంది. వెంటనే కట్టలు నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు వస్తారు. అతుకు దగ్గర చిన్న కుదుపు కూడా లేదు. తెలియనివాళ్ళకు అక్కడ ఏదో ఉండేదని ఎన్నటికీ తెలియదు.

"గిట్లనే మంచిగున్నది" అన్నది ఆమె. "గిట్లనే సూపియ్యి ఎవలకన్న."

సరేనన్నాను. కిటికీకి కట్టిన గొంగడి భర్త విప్పుతుంటే, నేను రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాను.